అయిదు వేలల్లో అర కిలో మాంసం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పిన్ని వంటింటి గూట్లో, పసుపు డబ్బా వెనక, ఒక జమాఖర్చుల పుస్తకం ఉంటుంది. కొన్నది కాదు. పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాలు చింపి, దొంతి పెట్టి, మధ్యలో మిషన్ మీద ఒక కుట్టు వేసింది. ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది. మాటలు తెలుగులో ఉంటాయి, అంకెలు ఒడియావి. ఏడో తరగతి దాకా ఒడియా బడిలో చదివింది కాబట్టి లెక్క ఆ అంకెల్లోనే వస్తుంది ఆమెకి. తెలుగు అక్షరాలు ఇంట్లో తాతయ్య దిద్దించాడు. ఆ పేజీ చూస్తే నాకు మా ఊరే కనిపిస్తుంది.

2025 మార్చి పేజీలో ఎడమ వైపు 5,000 అని పెద్దగా రాసి ఉంది. సుభద్ర డబ్బు. ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పథకం అది. 21 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసుండి అర్హత ఉన్న ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 చొప్పున అయిదేళ్ళలో 50,000 ఇస్తారు. ఏడాదికి రెండు విడతలు. రాఖీ పున్నమికి ఒకటి, మార్చి 8న మహిళా దినోత్సవానికి ఒకటి. కుడి పేజీలో ఆ అయిదు వేలు ఎటు పోయాయో ఉంది. కిరాణా ఖాతా 1,740. అమ్మాయి కళ్ళజోడు 900. మిషన్‌కి మోటారు 1,600. ఫోన్ రీఛార్జి 299. అర కిలో మేకమాంసం 400. మిగిలిన 61 రూపాయల ఎదురుగా ‘ఆటో, ఉల్లిపాయలు’ అని ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, మా చుట్టాల్లో మంచి ఉద్యోగం చేసి రిటైరయిన ఒకాయన అన్నాడు: “ఊరికే వచ్చిన డబ్బుకి విలువుండదయ్యా. ఒకళ్ళు సెల్‌ఫోన్‌లో పోస్తారు, ఇంకొకళ్ళు మాంసం కొనుక్కుంటారు. లెక్క తెలియని చేతికి డబ్బిస్తే ఏమవుతుంది?” పిన్ని రెండు వరసల అవతల సాంబారు వడ్డిస్తోంది. వినబడిందో లేదో తెలియదు. ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. పెద్దాయన, పైగా పెళ్ళివారిల్లు, ఎదురు చెప్పలేకపోయాను. అప్పుడు చెప్పలేని జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

తక్కువ డబ్బుతో ఇల్లు నడిపేవాళ్ళు లెక్క తప్పడం చాలా అరుదు. మనం వాళ్ళ సంచిలో ఏముందో చూసి తీర్పు చెప్పేస్తాం. ఆ డబ్బు వాళ్ళ చేతికి ఏ రోజున వచ్చింది, ఎంతెంతగా వచ్చింది, దాని వెనకాల ఏ అప్పు నిలబడి ఉంది అన్నది అడగం. అది అడిగి తెలుసుకుంటే, ఆ సంచిలో ఉన్నవి అక్కడికి ఎందుకు వచ్చాయో మనకి అర్థమవుతుంది.

నేను ప్లస్ టూ పిల్లలకి ఎకనామిక్స్ ట్యూషన్ చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఇదీ మా పిల్లల పరిస్థితి. ఉన్న డబ్బుని వేటి మీద ఎంత పెట్టాలన్న పాఠాన్ని తెలుగులో ఏమంటారో చూద్దామని శ్రీకాకుళంలో చదువుకున్న మా బావ ఇంటర్ పుస్తకం తెప్పించుకున్నాను. అందులో ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ అని ఉంది. ఆ పక్క పేజీలో ‘సమోపాంత ప్రయోజన సూత్రం’. పిల్లలకి ఇంగ్లీషు మాటే నయమనిపించింది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టారుగా వచ్చి, దశాబ్దాల పాటు ఉండి, జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడింది ఈ ఊళ్ళోనే. ఆయన నడిచిన వీధుల్లో నిలబడి క్షీణోపాంతం అనడానికి నాకు నోరు రాలేదు. అందుకని ఇలా చెబుతాను.

బాగా ఆకలిగా ఉన్నప్పుడు మొదటి ముద్ద అమృతంలా ఉంటుంది. పదో ముద్ద బాగుంటుంది. ఇరవయ్యో ముద్ద దగ్గర ఇక చాలంటాం. అన్నం అదే, పప్పు అదే, మనకి అందే సుఖం మాత్రం ముద్ద ముద్దకీ తగ్గుతూ వస్తుంది. అదే మొదటి సూత్రం. ఇక రెండోది. చేతిలో కొంత డబ్బుంది, కొనాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కో వస్తువు మీద పెట్టే చివరి రూపాయి ఎంత మేలు చేస్తోందో చూడాలి. బియ్యం మీద పెట్టే చివరి రూపాయి కంటే గుడ్ల మీద పెట్టేది ఎక్కువ మేలు చేస్తుంటే, ఆ రూపాయి ఇటు నుంచి అటు మార్చాలి. ఎటు మార్చినా ఇక లాభం లేదన్న చోట ఆగాలి. అక్కడ ఆగితే, ఉన్న డబ్బుతో దక్కించుకోగలిగినంత దక్కినట్టే.

ఈ రెంటినీ హెర్మన్ హైన్రిక్ గోసెన్ అనే జర్మన్ 1854లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ప్రభుత్వ ఉద్యోగం చేసి మానేసిన మనిషి. పుస్తకం ఎవరూ కొనలేదు. మిగిలిన ప్రతులు వెనక్కి తెప్పించేసుకుని 1858లో చనిపోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి గానీ ఆయన చెప్పింది ఎంత పెద్ద విషయమో పండితులు గుర్తించలేదు. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పుస్తకం వచ్చాక ఇది పాఠశాలల పాఠమైంది. గోసెన్ పుస్తకం ఎవరూ చదవని రోజుల్లో కూడా ఆయన చెప్పిన పని ప్రతి వంటింట్లోనూ జరుగుతూనే ఉంది కదా అని ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పుడు ఆ 400 రూపాయల మాంసం సంగతి. మార్చి ఎనిమిది నాటికి ఇంట్లో బియ్యం ఉన్నాయి. పప్పు ఉంది. పిల్లలు మాంసం తిని సంక్రాంతి నుంచి రెండు నెలలు కావస్తోంది. ఆ నాలుగు వందలకి ఇంకో పది కిలోల బియ్యం కొని ఉంటే డబ్బాలో బియ్యం కొంచెం పైకి వచ్చేవి, అంతకు మించి ఆ ఇంట్లో ఏమీ మారేది కాదు. అర కిలో మాంసం వచ్చిన ఆదివారం మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, తొమ్మిదో తరగతి కుర్రాడు, పొద్దున్నే లేచి మసాలా నూరిపెట్టాడు. ఎవరూ చెప్పకుండానే. బాబాయి ఆ పూట పనికి పోలేదు. నలుగురూ కూర్చుని, ముక్కలు లెక్కపెట్టుకుని, ఎముకలు కూడా వదలకుండా తిన్నారు. పులుసు రాత్రికీ వచ్చింది, మర్నాడు పొద్దున్న చద్దన్నంలోకీ వచ్చింది. పెళ్ళిలో వ్యాఖ్యానించిన ఆయన ఇంట్లో ఆదివారం ఆదివారం మాంసం వండుతారు. ఆయనకి ఆ అర కిలో యాభై రెండు ఆదివారాల్లో ఒకటి. ఆయన తూకంతో పిన్ని ఇంటి అర కిలోని తూస్తే తప్పు తేలక ఏమవుతుంది? గోసెన్ వచ్చి ఆ పుస్తకం చూసినా ఎక్కడా గీత కొట్టడు.

రీఛార్జి గురించి అంత చెప్పక్కర్లేదు. బాబాయి తాపీ పని చేస్తాడు. రేపు ఎక్కడ పనుందో మేస్త్రీ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి చెబుతాడు. ఫోన్ కలవకపోతే ఇంకొకరికి చేస్తాడు. ఒక్క రోజు పని పోతే 700 పోయినట్టు. 299తో ఇరవై ఎనిమిది రోజులు ఆ భయం ఉండదు.

అసలు నా కళ్ళు తెరిపించింది పుస్తకాలు కావు, ట్యూషన్‌లో ఒక పిల్ల. బడ్జెట్ రేఖ పాఠం చెబుతున్నాను. నెలకి ఇంత ఆదాయం, రెండు వస్తువులు, వాటి ధరలు, బోర్డు మీద వాలుగా ఒక గీత. ఈ గీత దాటి కొనలేము, గీత లోపల ఆగిపోతే డబ్బు మిగిలిపోతుంది, కాబట్టి గీత మీదే ఎక్కడో మనకి ఎక్కువ సంతృప్తినిచ్చే చోటు వెతుక్కోవాలి అని చెప్పి, నెలకి 12,000 వచ్చే ఇంటికి ఖర్చు పంచమన్నాను. మగపిల్లలు రెండు నిమిషాల్లో పంచేశారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. ఏమ్మా రాలేదా అని అడిగితే, “సార్, ఈ పన్నెండు వేలూ ఒకేసారి వస్తాయా, రోజుకింత వస్తాయా?” అంది. అంతటితో ఊరుకోలేదు. “వానల్లో కూడా వస్తాయా సార్?”

నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో నెల ఒకే ముక్కగా ఉంటుంది. డబ్బు మొదటి తారీఖున చేతిలో పడి ఉంటుంది, మనిషి తాపీగా కూర్చుని ఆపిల్సూ నారింజలూ పోల్చుకుంటాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళకి నెల అన్నదే లేదు. కూలి చేతికొచ్చే శనివారాలు ఉన్నాయి, ఎండాకాలం ఉంది, వానాకాలం ఉంది.

ఈ సంగతి తెలియని రోజుల్లో నేనొక పొరపాటు చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. పిన్ని నూనె చిన్న ప్యాకెట్లు కొనడం చూసి, “ఇలా కొంటే ఏడాదికి ఎంత నష్టమో తెలుసా పిన్నీ?” అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. 15 కిలోల డబ్బా ఒకేసారి తీసుకుంటే కిలోకి 13 రూపాయలు కలిసొస్తుంది, డబ్బా మీద 195 మిగులు. చదువుకున్నవాడు చెబుతున్నాడు కదా అని ఒప్పుకుంది. తనే దాచుకున్న డబ్బులోంచి రెండు వేల పైచిలుకు తీసి డబ్బా కొంది. మోసుకొచ్చి ఇంట్లో దింపింది నేనే. పదిహేను రోజులు తిరక్కుండా కుర్రాడికి జ్వరం. రక్త పరీక్షలు, మందులు కలిపి రెండు వేలయింది. డబ్బంతా నూనె రూపంలో మూల కూర్చుని ఉంది. నూటికి అయిదు వడ్డీకి రెండు వేలు తెచ్చింది, మూడు నెలలకి తీర్చింది. వడ్డీ 300. మిగిలింది 195, పోయింది 300. నా సలహా వల్ల ఆ ఇంటికి 105 రూపాయలు పోయాయి. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. మర్నెల నుంచి మళ్ళీ ప్యాకెట్లే.

ప్యాకెట్టు నూనె మీద ఆమె కట్టే ఆ ఎక్కువ ధర ఎందుకో అప్పుడు తెలిసింది నాకు. చేతిలో నాలుగు నోట్లు ఆడుతూ ఉండటానికి కడుతోంది. పిల్లాడికి రాత్రి పదింటికి జ్వరం వస్తే నూనె డబ్బా పట్టుకుని మందుల షాపుకి వెళ్ళలేం. బ్యాంకులో నిల్వ ఉన్నవాడికి ఆ నోట్ల విలువ తెలియదు, వాడికి డబ్బా కొనడమే తెలివి. ఒకే వస్తువు, ఒకే ధర, ఇద్దరు మనుషులు, ఇద్దరి లెక్కా రైటే. పేదవాళ్ళు చిల్లరగా కొని నష్టపోతున్నారు అని రాసేవాళ్ళు ఈ రెండో సగం కూడా రాయాలి.

కిరాణా ఖాతా కూడా ఇలాంటిదే. అయిదు వేలు రాగానే ముందు 1,740 తీసుకెళ్ళి కొట్టులో కట్టేసింది. కొట్టాయన అడిగాడా అంటే అడగలేదు. పైగా ఖాతాకి వడ్డీ అని విడిగా ఉండదు. అరువు సరుకు మీద వస్తువుకి రెండో మూడో ఎక్కువ వేసుకుంటాడు, అది అందరికీ తెలిసిందే. మరి తొందరేమిటి, ఇంకో పది కిలోల సరుకు తెచ్చుకోవచ్చు కదా అన్నాను. “జూన్‌లో మీ బాబాయికి పనుండదు నాయినా. అప్పుడు కొట్టుకెళ్తే పుస్తకం తెల్లగా ఉండాలి” అంది. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, ఈ మూడు నెలలూ బయట కట్టుబడి పని సగం ఆగిపోతుంది. అప్పుడు ఆ ఇంటికి బీమా ఆ కిరాణా కొట్టే. 1,740 కట్టి, వానాకాలంలో అరువు దొరుకుతుందన్న నమ్మకం కొనుక్కుంది. ఎకనామిక్స్‌లో దీనికి పేరుంది, కాలాల మధ్య పంపకం అంటారు. ఈ రోజు చివరి రూపాయి మేలునీ, జూలైలో చివరి రూపాయి మేలునీ పక్కపక్కన పెట్టి చూడటం. మేం ట్యూషన్‌లో అంత దూరం వెళ్ళం, అది డిగ్రీ పాఠం.

మాది సరిహద్దు ఊరు కావడంతో ఈ లెక్కకి ఇంకో మెలిక ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు పడింది, పాతపట్నం అటు మద్రాసు వైపు ఉండిపోయింది. మధ్యలో మహేంద్రతనయ నది. చుట్టరికాలు రెండు గట్లకీ ఉన్నాయి, సంచులు కూడా రెండు గట్లకీ తిరుగుతాయి. పెట్రోలు ఇటు చవక, ఆంధ్రలో పన్ను ఎక్కువ. అందుకని పాతపట్నం బండ్లు మా బంకుల్లో ట్యాంకు నింపించుకుంటాయి. లీటరుకి ఆరు రూపాయల తేడా అనుకున్నా అయిదు లీటర్లకి 30. దగ్గరవాడికి గిట్టుబాటు. పది కిలోమీటర్ల నుంచి దీనికోసమే వచ్చేవాడికి రానూపోనూ పెట్రోలులోనే అది కరిగిపోతుంది. అయినా వస్తారు కొందరు, చుట్టాలని చూడ్డం, డాక్టరు, పెట్రోలు మూడూ కలిపి పెట్టుకుని. పిన్ని అటు బజారుకి వెళ్ళడానికి ఒక నియమం పెట్టుకుంది. మూడు పనులు జమ అయితే గానీ నది దాటదు. రానూపోనూ ఆటోకి నలభై, ఒక పూట మిషన్ ఆగిపోతుంది, ఒక జాకెట్టు కుట్టు కూలి పోతుంది. వస్తువు మీద రాసిన ధర ఒకటి, అది ఇంటికి చేరేసరికి పడే ధర ఇంకొకటి. ఆమె పుస్తకంలో రెండోదే ఉంటుంది.

సంతకి కూడా సాయంత్రం నాలుగు దాటాకే వెళుతుంది. పొద్దున్న వెలుతురు బాగుంటుంది, కుట్టుకి అది ముఖ్యం. సాయంత్రానికి కొండల మీంచి వచ్చిన సవర తెగ ఆడవాళ్ళు చింతపండు, పసుపు, అనాసపళ్ళు పరుచుకుని కూర్చుని ఉంటారు. ఆఖరి జీపు టైము దగ్గరపడుతూ ఉంటుంది. మోసుకొచ్చింది మళ్ళీ మోసుకెళ్ళడం కంటే తగ్గించి ఇచ్చేయడమే మేలని వాళ్ళూ ధర దించుతారు. వాళ్ళ బడ్జెట్‌లో రూపాయితో పాటు జీపూ ఉంది, చీకటీ ఉంది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. పసుపు కొమ్ముల కుప్ప ముందు ఒక ముసలావిడ. అరవై చెప్పి యాభై అంది తనే. నేను నలభై అడుగు పిన్నీ అన్నాను. పిన్ని నా చెయ్యి మీద చిన్నగా తట్టి, యాభై ఇచ్చేసింది. దారిలో చెప్పింది, “ఆవిడ పసుపు ఏడాదంతా పురుగు పట్టదు. వచ్చే ఏడు కూడా నా కోసం తెచ్చిపెట్టాల కదా.” పది రూపాయలు వదులుకుంది. నాణ్యత మీద నమ్మకం, ఒక మనిషితో పరిచయం నిలిచాయి. ఈ రెండూ ఏ గీత మీదా చూపించలేను నేను.

అంకెలు కావాలనేవాళ్ళ కోసం కొన్ని చెబుతాను. కేంద్రం 2022-23లో చేసిన గృహ వినియోగ ఖర్చుల సర్వే ప్రకారం ఒడిశా పల్లెల్లో మనిషికి నెలకి సగటు ఖర్చు 2,950 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 4,870. మహేంద్రతనయ ఒడ్డున నిలబడి చూస్తే రెండు వైపులా అవే ఇళ్ళు, అదే యాస, అవే పండగలు. రాష్ట్రాల సగటుల్లో మాత్రం ఇంత దూరం. పిన్ని ఇంట్లో నలుగురికి నెలకి పన్నెండు వేల దాకా ఖర్చవుతుంది, అంటే తలకి మూడు వేలు. ఉండేది చిన్న టౌనులో అయినా లెక్కకి పల్లె సగటు మీద నిలబడ్డ ఇల్లు. అదే సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో తిండికి పోయేది ఖర్చులో 46 శాతం. పిన్ని పుస్తకంలో అది సగానికి పైనే. ఎర్నెస్ట్ ఏంజెల్ అనే మరో జర్మన్ 1857లోనే చెప్పాడు, ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని. కాబట్టి సగానికి పైన తిండికే పోతోందంటే ఆ మనిషి తిండిపోతని అర్థం కాదు. మిగతా వాటికి చెయ్యి చాచే జాగా లేదని.

రేషన్ బియ్యం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పెళ్ళిలో ఆ పెద్దాయన దాన్నీ వదల్లేదు. మనిషికి నెలకి 5 కిలోలు, 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం. నలుగురికి 20 కిలోలు. ఆ ఇంట్లో నెలకి 35 కిలోల దాకా కావాలి. ఉచిత బియ్యం వచ్చినా వాళ్ళు ఇంకో 15 కిలోలు కొంటూనే ఉంటారు. అంటే ఆ 20 కిలోలు వాళ్ళకి అచ్చంగా డబ్బుతో సమానం. కిలో నలభై చొప్పున 800 మిగిలింది, అది ఎటు అవసరమైతే అటు వెళుతుంది. బియ్యం ఉచితంగా ఇస్తే జనం బియ్యమే ఎక్కువ తింటారనుకోవడం పొరపాటు. చైనాలోని హునాన్‌లో రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ అనే ఇద్దరు పేద కుటుంబాలకి బియ్యం మీద రాయితీ ఇచ్చి చూశారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బియ్యం చవకైతే వాళ్ళు తినే బియ్యం తగ్గింది. కడుపు నింపుకోవడానికి బియ్యం మీద ఆధారపడక తప్పనివాళ్ళకి కాస్త డబ్బు మిగిలేసరికి కంచంలోకి వేరే రుచులు వచ్చాయి. మా పిన్ని ఇంట్లో మొదట వచ్చింది గుడ్డు. వారానికి మూడు రోజులు, పిల్లలిద్దరికీ ఒక్కోటి. తను తినదు, ఇష్టం లేదంటుంది. నిజంగా ఇష్టం లేదో, లెక్కలో పట్టలేదో నేను ఇప్పటిదాకా అడగలేదు.

ఇక్కడ ఎకనామిక్స్ పుస్తకం మీద నాకున్న అసలైన ఫిర్యాదు ఉంది. వినియోగదారుడు అని ఒక మనిషిని ఊహించి, అతని సంతృప్తిని గరిష్ఠం చేస్తుంది పుస్తకం. ఈ ఇంట్లో వినియోగదారుడు ఎవరు? లెక్క వేసేది పిన్ని. కళ్ళజోడు అమ్మాయిది, రీఛార్జి బాబాయిది, గుడ్లు పిల్లలవి. మోటారు పేరుకి ఆమెది గానీ, అది వచ్చాక రోజుకి ఒక జాకెట్టు కుట్టే చోట రెండు కుడుతోంది, ఆ డబ్బు మళ్ళీ ఇంట్లోకే. అయిదు వేలల్లో ఆమె సొంత సుఖానికి పోయింది ఏదని వెతికితే, మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గడం ఒక్కటే నాకు దొరికింది. ఆడవాళ్ళ చేతికి డబ్బు ఇవ్వాలనే పథకాలని సమర్థిస్తాను నేను, కానీ ఆ డబ్బుతో ఆడవాళ్ళ కంచంలోకి ఏం వచ్చిందో కూడా ఎవరైనా రాసిపెట్టాలి.

ఇంత లెక్క మనసులో మోయడానికి కూడా ఒక ఖర్చుంది. 2013లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల చేత కోతకు ముందు, కోత తర్వాత తెలివిని పరీక్షించే చిన్న చిన్న పరీక్షలు రాయించారు. అదే మనిషి, చేతిలో డబ్బు లేనప్పుడు తక్కువ చేశాడు, డబ్బు వచ్చాక బాగా చేశాడు. టెన్షన్ బుర్రలో అంత చోటు ఆక్రమిస్తుందన్నమాట. శుక్రవారం సాయంత్రాలు పిన్నితో మాట్లాడితే నాకది కనిపిస్తుంది. శనివారం కూలి డబ్బు వచ్చేదాకా ఏ మాట అడిగినా సగమే వింటుంది. ఒకసారి జాకెట్టు చేతులు కుడి ఎడమలు మార్చి కుట్టేసి, రాత్రంతా కూర్చుని విప్పింది. ఆ రోజు కుర్రాడి ఫీజుకి ఆఖరు తేదీ. అంత ఒత్తిడిలో కూడా ఆ నోటు పుస్తకంలో కూడికలు తప్పలేదు. నేను వెనక్కి పన్నెండు నెలలు కూర్చుని సరిచూశాను, ఒక్కచోటా తప్పలేదు.

అన్నీ ఆమె సరిగ్గానే చేస్తుందని అనను. చీటీ పాటలో ఒకసారి దెబ్బతింది. అత్తవారి వైపు పెళ్ళికి చదివింపులు ఉన్నదానికి మించి పెట్టింది, అది ఇప్పటికీ తప్పేనంటాను నేను, పరువంటుంది ఆమె. కానీ ఆ రెండు తప్పులూ అమాయకత్వం వల్ల జరగలేదు. ఒకటి మోసం, ఇంకొకటి నలుగురిలో నిలబడాల్సిన అవసరం. ఆ అవసరానికి ధర కట్టడం నాకు చేతకాదు, ఆ వీధిలో బతికేది ఆమె.

మొన్న మే నెలలో వెళ్ళినప్పుడు పుస్తకంలో కొత్త పేజీ చూపించింది. పైన ‘రాఖీ పున్నమి’ అని రాసి, ఎడమ వైపు 5,000 ముందే వేసేసింది, పెన్సిల్‌తో. కుడి వైపు నాలుగు వరసలు. ఖాతా అని రాసి అంకె వేయలేదు, వానలు ఎలా ఉంటాయో చూడాలట. కుర్రాడి సైకిలు రిపేరు 650. వంటింటి కప్పు మీదకి రేకు 2,400. అమ్మాయి కాలేజీ పుస్తకాలు 1,900. ఖాతా కాకుండానే దాదాపు అయిదు వేలు అయిపోయాయి. కింద సన్నటి అక్షరాలతో ‘చెప్పులు’ అని కూడా ఉంది, అంకె లేకుండా. ఎవరికి పిన్నీ అని అడిగితే నాకే అంది.

“ఇవన్నీ ఎలా పడతాయి?”

“పడవు. రెండు కొట్టెయ్యాల.”

“ఏవి?”

“ఇప్పుడే తెలీదు నాయినా. అప్పటికి ఏది లేకపోయినా గడుస్తాదో, అది.”

పుస్తకం మూసి పసుపు డబ్బా వెనక పెట్టేసింది. పెన్సిల్ మాత్రం జాకెట్టు గుడ్డ మీద గుర్తులు పెట్టుకోడానికి మిషన్ దగ్గరికి తీసుకెళ్ళింది.